నెపం బ్యాటరీ మీద

ఆవిడ మా షాపుకి వచ్చిన మొదటి రోజే ఇద్దరికీ గొడవైంది.

"కొత్త బ్యాటరీ వెయ్యమంటే వెయ్యరేం?" అంది.

"అక్కర్లేదు కాబట్టి."

"అక్కర్లేదని మీరెలా చెప్తారు? రోజూ వాడేదాన్ని నేను. పేషెంటు మోకాలికి పెట్టి ఆన్ చేస్తే రెండు నిమిషాలకే ఆగిపోతోంది."

కౌంటరు మీద ఉన్నది నొప్పులకు కరెంటు పెట్టే చిన్న మిషను. ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఇళ్లకు వెళ్లి, మంచం దిగలేని వాళ్లను దింపి నడిపించడం ఆవిడ ఉద్యోగం. అలాంటి మనిషి గొంతు ఎంత గట్టిగా ఉండాలో అంత గట్టిగానూ ఉంది.

నేను మిషను తెరిచి, చార్జింగ్ పిన్ను చుట్టూ పేరుకున్న జిడ్డు తుడిచి, వంగిన పిన్ను సర్ది, మూత పెట్టి ఆన్ చేశాను. పది నిమిషాలు ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆగలేదు.

"మీ పేషెంట్ల మోకాళ్ల నూనె మేడమ్. పాపం బ్యాటరీ తప్పేం లేదు."

"ఇదివరకు చూపించిన షాపులో ఇలా ఆగినప్పుడల్లా కొత్తది వేశారే?"

అటువైపు కౌంటర్లో ఫోన్ల అద్దాలు మార్చే మా అక్క తలెత్తకుండానే జవాబిచ్చింది. "వాళ్లకి వ్యాపారం తెలుసమ్మా. మావాడికి బ్యాటరీలే తెలుసు."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూశాక ఆ రోజు మిగతా పని ఏం చేశానో నాకు గుర్తులేదు.

తర్వాత నాలుగు నెలల్లో ఆవిడ టార్చిలైటు తెచ్చింది, బరువు తూచే మిషను తెచ్చింది, వాళ్లమ్మగారి బీపీ మిషను తెచ్చింది. నన్ను 'బ్యాటరీగారూ' అని పిలవడం మొదలుపెట్టింది. గోడ గడియారం తెచ్చిన రోజు అక్క నన్ను వెనక గదిలోకి పిలిచింది.

"గడియారంలో సెల్లు మార్చుకోవడం అంత చదువుకున్న పిల్లకి రాదంటావా?"

"తీరిక ఉండదేమో."

"నీకు ఈ జన్మలో పెళ్లి కాదురా" అని అక్క స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి వారం ఆవిడ ఉత్త చేతులతో వచ్చింది.

"ఒంటిచక్రం బండి కొందామనుకుంటున్నా" అంది.

ఎలక్ట్రిక్ యూనిసైకిల్ అన్నమాట. ఒకటే చక్రం, అటూ ఇటూ పాదాలు పెట్టే పలకలు, పైనున్న డొప్పలో బ్యాటరీ. సీటు ఉండదు, హ్యాండిల్ ఉండదు. ముందుకు వంగితే పోతుంది, వెనక్కి వాలితే ఆగుతుంది. కుర్రాళ్లు సరదాకి తిప్పుతుంటే చూశానుగానీ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు కొనడం నేనెరగను.

"మీ స్కూటరేమైంది?"

"అమ్మేశాను. రోజుకి ఆరు ఇళ్లు తిరగాలి. ఏ ఇంటి ముందూ పెట్టడానికి చోటు లేదు. పేషెంటు దగ్గర ముప్పావుగంట, చోటు వెతకడానికి అరగంట. ఇదైతే సూట్‌కేసులా లాక్కుంటూ లిఫ్టెక్కి, మంచం పక్కన పెట్టేసుకుంటా."

"పడితే?"

"లేవడం ఎలాగో నాకు తెలీదా? అందరికీ నేర్పేది అదే కదా."

కొత్తది కొనే స్తోమత లేదంది. వాడినది కొనాలి. వాడినదంటే అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది బ్యాటరీనే.

"మీరొచ్చి చూడండి. బాగుందంటే కొంటాను, బాలేదంటే వదిలేస్తాను. రెండో మాట అడగను."

"నా మాట మీదేనా?"

"మీరు బ్యాటరీ గురించి అబద్ధం చెప్పరు. అలాంటి మనిషి నాకు ఇంకెవరూ తెలీదు."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మొదటి ఆదివారం ఒక అపార్టుమెంటులో చూశాం. డొప్ప తళతళా మెరుస్తోంది. ఆవిడ కళ్లు కూడా మెరిశాయి. నేను నిండా చార్జ్ పెట్టించి మీటరు పెట్టాను. ఎనభై నాలుగు వోల్టులు చూపించాల్సింది డెబ్బై తొమ్మిది దగ్గరే ఆగింది. చక్రాన్ని గాల్లోకి ఎత్తి తిప్పితే బేరింగు గరగరమంది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ మారు మాట్లాడకుండా చెప్పులు వేసుకుంది.

రెండో ఆదివారం చూసినదానికి వోల్టులు సరిగ్గానే వచ్చాయి. పక్క మూత విప్పితే స్క్రూల తలలన్నీ తుప్పు.

"నీళ్లలో నానింది" అన్నాను. "ఇవాళ బాగుంటుంది. ఎన్నాళ్లుంటుందో చెప్పలేను."

బయటికొచ్చేసరికి వాన పట్టుకుంది. బస్‌స్టాపు రేకు కింద నిలబడ్డాం. జల్లు పడకుండా ఆవిడ నావైపు జరిగింది. నేను ఇంకో వైపు జల్లులోకి జరిగాను. నా తెలివి అంత.

"రోజుకి పాతిక కిలోమీటర్లు తిరుగుతారు" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని. "కంపెనీవాడు చెప్పే దూరంలో సగమే నమ్మండి. కాబట్టి యాభైకి పైగా చెప్పేది చూడాలి. అలాగని మరీ పెద్దది వద్దు. లిఫ్టు లేని ఇంట్లో మూడంతస్తులు మోయాలి."

"సరే" అని ఆవిడ వాన వైపు చూస్తూ అడిగింది. "మీ షాపుకొచ్చే ఆ కెమెరా అమ్మాయికి ఎన్ని బ్యాటరీలున్నాయి?"

"ఎవరు? ఫొటోలు తీసే ఆవిడా? పన్నెండు."

"అందుకే వారానికి రెండుసార్లు వస్తుందా? వచ్చి గంట కూర్చుంటుందా?"

"చార్జ్ ఎక్కడానికి టైము పడుతుంది కదండీ."

ఆవిడ నావైపు ఒక చూపు చూసి, బస్సు రాగానే నాకోసం ఆగకుండా ఎక్కేసింది. ఎందుకు ముఖం ముడుచుకుందో నాకప్పుడు తెలియలేదు. అసూయ ఎలా ఉంటుందో తెలియడానికి నాకింకా వారం టైముంది.

మూడో ఆదివారం ఒక ఈతకొలను దగ్గరికి వెళ్లాం. అమ్మేది అక్కడి ఈత మాస్టారు. ఆరడుగుల మనిషి. భుజాలు తలుపంత ఉన్నాయి. తడి జుట్టు వెనక్కి తోసుకుంటూ వచ్చి, పెద్ద బండి కొనుక్కున్నానని, అందుకే దీన్ని అమ్ముతున్నానని చెప్పాడు. గొంతు కూడా బాగుంది. ఒక మనిషిలో ఇన్ని ఉండటం అన్యాయం అనిపించింది.

"ఈయన?" అని నన్ను చూపించాడు.

"మా బ్యాటరీగారు" అంది ఆవిడ.

రోజూ ఆ పిలుపు ముద్దుగా ఉండేది. అతని ముందు వినేసరికి ఇంట్లో ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాణ్ణి పరిచయం చేసినట్టుంది.

కొలను వెనక సిమెంటు ఆవరణలో నేను నేల మీద చతికిలబడి మూత విప్పాను. అంత శుభ్రంగా చూసుకున్న బండిని నేను అంతవరకు చూడలేదు. తుప్పు లేదు, తేమ లేదు. బ్యాటరీలో ఇరవై వరుసల సెల్స్ ఉన్నాయి. ఒక్కొక్క వరుసకీ మీటరు పెడుతూ పోయాను. అన్నిటిదీ ఒకటే అంకె. మూడేళ్లు వాడిన బ్యాటరీ అలా ఉండటం నాలాంటివాడికి పండగ.

మూత బిగించి ఇచ్చాను. మాస్టారు ఒక రౌండు తిరిగి చూపించి, "మీరు ఎక్కి చూడండి" అన్నాడు ఆవిడతో.

ఆవిడ ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టబోయి తూలింది. మాస్టారు రెండు చేతులూ అందించాడు. ఆవిడ పట్టుకుంది.

"నన్ను చూడండి. చక్రాన్ని చూడకండి" అన్నాడతను.

ఆవిడ అతన్ని చూసింది. చక్రం కదిలింది. అతను వెనక్కి నడుస్తున్నాడు, ఆవిడ అతని చేతులు పట్టుకుని ముందుకు వస్తోంది. ఆవరణ ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు. ఆవిడ నవ్వుతోంది. మా షాపులో నవ్విన నవ్వు కాదు, దానికి రెట్టింపు. నాలుగు నెలల్లో నేను ఆవిడకు మిషను అందిస్తున్నప్పుడు వేళ్లు తగలకుండా జాగ్రత్తపడినవాణ్ణి. ఇతను పావుగంటలో రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

నేను మీటరు తీగలు చుట్టి, చుట్టినవే విప్పి మళ్లీ చుట్టాను.

"ఏమంటారు బ్యాటరీగారూ?" దూరం నుంచే అడిగింది. చేతులు ఇంకా అతని చేతుల్లోనే ఉన్నాయి.

"బాలేదు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆగలేకపోయాను. "సెల్స్ సమానంగా లేవు. రెండు వరుసలు దిగిపోతున్నాయి. మామూలుగా తెలీదు. వేగంలో ఉండగా ఒక్కసారి ఆగిపోవచ్చు."

ఒంటిచక్రం వేగంలో ఉండగా ఆగిందంటే మనిషి ముందుకి ఎగిరి పడటమే. ఆవిడ వెంటనే దిగిపోయింది. మాస్టారి ముఖం పాలిపోయింది.

"మూడేళ్లుగా తిరుగుతున్నాను బ్రదర్. ఎప్పుడూ ఏం కాలేదే. ఇంకోసారి చూస్తారా?"

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అంది. "అక్కర్లేదండీ. ఆయన చూశారంటే చూసినట్టే."

ఆ మాట మొహాన కొట్టినట్టయింది. అప్పుడైనా చెప్పేయాల్సింది. చెప్పలేదు.

తిరుగు బస్సులో ఆవిడ, "మీరు లేకపోతే కొనేసేదాన్ని. పళ్లు రాలేవి" అంది.

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"ఆ మాస్టారు మంచివాడండీ. బండి దొరికేదాకా దాని మీదే నేర్పిస్తానన్నారు. నడక వేగం దాటనివ్వరట, పక్కనే ఉంటారట. రేపటినుంచి పొద్దున్నే ఆరింటికి."

"పక్కనే అంటే?"

"చెయ్యి పట్టుకోకపోతే మొదట్లో నిలబడలేం కదా."

కొననిచ్చి ఉంటే ఆ రోజుతో అతని పని అయిపోయేది. ఇప్పుడు రోజూ పొద్దున్నే అతని చేతులు పట్టుకునే ఏర్పాటు స్వయంగా నేనే చేశాను.

ఆ తర్వాత మూడు వారాలు నేను పడిన బాధ పగవాడికి కూడా వద్దు. పొద్దున ఆరు కొట్టగానే మెలకువ వచ్చేది. ఇప్పుడు మొదలుపెట్టి ఉంటారు. ఆరుంపావు. ఇప్పుడు ఆ చివర దాకా వెళ్లి ఉంటారు. సాయంత్రం ఆవిడ షాపుకొచ్చి వార్తలు చెప్పేది.

"ఇవాళ చెయ్యి వదిలి ఇరవై అడుగులు వెళ్లా."

"అయితే ఇంక పట్టుకోవడం లేదన్నమాట."

"మలుపు తిరిగేటప్పుడు పట్టుకుంటారు."

"ఎన్ని మలుపులున్నాయేంటి?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. అక్క అటువైపు దగ్గింది.

మధ్యలో ఇంకో రెండు బండ్లు చూశాం. అవి నిజంగానే బాలేవు. బాలేదని నిజమే చెప్తున్నా, నా మాట నాకే అబద్ధంలా వినపడింది.

బండి దొరక్క ఆవిడ బస్సుల్లోనే తిరుగుతోంది. ఒక సాయంత్రం వచ్చి స్టూలు మీద నీరసంగా కూర్చుంది. "నా పేషెంట్లలో ఒక లెక్కల మాస్టారున్నారు, ఆయన నన్ను మానిపించేశారు. మూడుసార్లు ఆలస్యంగా వెళ్లాను. తుంటి విరిగిన మనిషి. కర్ర పట్టుకుని గుమ్మందాకా తెచ్చాను. ఇప్పుడు ఇంకొకర్ని పెట్టుకున్నారట."

ఆవిడ కళ్లు తుడుచుకోలేదుగానీ తుడుచుకోవాల్సినంత పనైంది. నేను మంచినీళ్లిచ్చాను.

ఆవిడ వెళ్లాక అక్క దగ్గరికొచ్చింది. "ఏంట్రా నువ్వు చేసింది?"

"ఏం చేశాను?"

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. చెప్పినప్పటినుంచి జ్వరం వచ్చినవాడిలా ఉన్నావు."

అంతా చెప్పాను. అక్క తిట్టలేదు. నావైపు చూసి, "ఆ పిల్ల ఇన్నాళ్లూ మన దగ్గరికి దేనికొచ్చిందో తెలుసా? నీ మాటకోసం" అని తన పనిలోకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం ఈత మాస్టారు ఆ ఒంటిచక్రాన్ని లాక్కుంటూ మా షాపుకొచ్చాడు.

"దీనికి కొత్త బ్యాటరీ కట్టి పెట్టు బ్రదర్. మొన్న ఒకాయన కొంటానని వచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రి. నీ మాట గుర్తొచ్చి ఇవ్వలేకపోయాను."

"ఆయనకి అమ్మలేదా?"

"తెలిసి తెలిసి ఎలా అమ్ముతాను? బాగుచేయించి ఆవిడకే ఇస్తా. అప్పుడు..." అని కాస్త సిగ్గుపడ్డాడు. ఆరడుగుల మనిషి సిగ్గుపడితే చూడటం అదే మొదలు. "అప్పుడు ఒక మాట అడుగుదామనుకుంటున్నా. ఆవిడకి ఎవరైనా ఉన్నారా? నీకు తెలిసే ఉంటుందిగా."

నా ముందు మంచి బ్యాటరీ ఉంది. దాన్ని పీకి కొత్తది కట్టేస్తే అబద్ధం అక్కడితో సమాధి. ఎవరికీ తెలియదు. కానీ మా షాపు మొదలుపెట్టాక మంచి బ్యాటరీని చెడ్డదని పీకిన రోజు లేదు. నావల్ల కాలేదు.

"దీనికేం కాలేదండీ" అన్నాను. "ఆ రోజు కూడా ఏం కాలేదు. ఇంత మంచి బ్యాటరీ నేను చూడలేదు."

"మరి?"

"మీరు ఆవిడ చేతులు పట్టుకున్నారు."

అతనికి అర్థమవడానికి కాసేపు పట్టింది. కొడతాడేమోనని స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాను. కొట్టలేదు. బండిని లాక్కెళ్లే పిడి పైకి తీశాడు.

"నాకు చెప్పడం కాదు. ఆవిడకి చెప్పు. రేపటిదాకా టైమిస్తా, లేకపోతే నేను చెప్తా." గుమ్మం దగ్గర ఆగాడు. "నేను అడగాలనుకున్నది మాత్రం అడుగుతా బ్రదర్. దాంట్లో మార్పు లేదు."

ఆ సాయంత్రమే ఆవిడ చివరి పేషెంటు ఇంటి కింద నిలబడ్డాను. ఆవిడ దిగొచ్చి నన్ను చూడగానే ముఖం వెలిగింది. "మంచి బండి దొరికిందా?"

"మూడు వారాల కిందే దొరికింది. నేనే చెడగొట్టాను."

మొత్తం చెప్పాను. ఎనభై నాలుగు వోల్టులు, ఒకటే అంకె చూపించిన ఇరవై వరుసలు, అన్నీ. ఎందుకు చేశానో కూడా చెప్పాను. ఆవిడ చేతిసంచీ భుజం మీదనుంచి జారుతున్నా సర్దుకోలేదు.

"ఒళ్లు మండింది కాబట్టి బ్యాటరీ బాలేదన్నావా?"

ఇన్ని నెలలుగా 'మీరు' అంటున్న మనిషి మొదటిసారి 'నువ్వు' అంది. ఎంత ఎదురుచూశానో ఆ మాటకోసం. అలాంటప్పుడు వినాల్సి వచ్చింది.

"నా పేషెంట్లు నన్ను, మెట్లు ఎక్కచ్చా అని అడుగుతారు. ఎక్కచ్చు అంటే ఎక్కుతారు, వద్దంటే ఆగిపోతారు. వాళ్ల మీద నాకు కోపమున్నా ఇష్టమున్నా ఆ జవాబు మారదు. మారితే నేనింక ఆ పనికి తగను. నీ మాట కూడా అలాంటిదే అనుకున్నా."

"తప్పయింది."

"నాకు ఒక పేషెంటు ఇల్లు పోయింది. ఆయన గుమ్మందాకా వచ్చి ఆగిపోయారు. అది నీకు తెలుసా?"

తెలుసన్నాను. ఆవిడ బస్‌స్టాపు వైపు నడిచింది. నేను వెంట వెళ్లలేదు.

రెండు రోజుల తర్వాత ఈత మాస్టారి దగ్గర ఆ బండి కొనేసింది. ఈసారి ఎవర్నీ చూడమనలేదు.

మా షాపు ఎదురు రోడ్డు మీదే వెళ్లేది. హెల్మెట్టు, మణికట్లకు గార్డులు, వీపు మీద సంచీ. తల తిప్పేది కాదు. ఎంత చక్కగా నడుపుతోందో. వంగడం కూడా వంగినట్టు తెలియకుండా, గాలి తోసినట్టు వెళ్లిపోయేది. కొన్ని రోజులు పక్కనే ఈత మాస్టారు తన పెద్ద బండి మీద వచ్చేవాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ వెళ్లేవాళ్లు. నేను తల వంచుకుని టంకం వేస్తున్నట్టు నటించేవాణ్ణి. రెండుసార్లు వేలు కాల్చుకున్నాను.

అసూయ పోలేదు. పోతుందని కూడా అనుకోలేదు. కానీ లెక్కల మాస్టారు గుమ్మం దగ్గర ఆగిపోయారన్న మాట దానికన్నా ఎక్కువ గుచ్చుకుంటోంది.

అడ్రసు పట్టుకుని ఆయనింటికి వెళ్లాను. కుర్చీలో కూర్చుని ఉన్నారు, కర్ర గోడకి ఆనించి ఉంది. నేనెవరో చెప్పి, ఆవిడ ఆలస్యానికి కారణం నేనని చెప్పాను.

"నువ్వు బస్సు డ్రైవరువా?"

"కాదండీ. బ్యాటరీలు చూస్తాను."

"బ్యాటరీకీ నా తుంటికీ సంబంధమేంటి? వరసగా చెప్పు. మెట్టు మెట్టుకీ కారణం చెప్పాలి. మధ్యలో దాటేశావంటే మళ్లీ మొదటినుంచి."

చెప్పాను. ఈతకొలను దగ్గరికి వచ్చేసరికి కాస్త దాటేయబోయాను. ఆయన వేలెత్తారు. మళ్లీ మొదటినుంచి చెప్పాను. చేతులు పట్టుకున్న సంగతితో సహా.

అంతా విని ఆయన చాలాసేపు పెదవులు బిగించుకున్నారు. నవ్వాపుకుంటున్నారని తర్వాత తెలిసింది. "ఆ కొత్తాయన మెత్తని మనిషి. నేను చాలంటే చాలు అంటాడు. ఈ పిల్ల అయితే ఇంకో పది అడుగులు అనేది. తిట్టుకుంటూ వేసేవాణ్ణి" అన్నారు. "రేపటినుంచి రమ్మని ఫోన్ చేస్తాలే. నువ్వు వచ్చినట్టు చెప్పనా వద్దా?"

"మీ ఇష్టమండీ. అబద్ధం మాత్రం చెప్పకండి."

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం షాపు ముందు ఒంటిచక్రం ఆగింది. ఆవిడ హెల్మెట్టు తీసి, బండిని లోపలికి లాక్కొచ్చి కౌంటరు పక్కన నిలబెట్టింది. అక్కకి అప్పుడే ఏదో గుర్తొచ్చి బయటికి వెళ్లింది.

"వంతెన ఎక్కేటప్పుడు బీప్ బీప్ అంటోంది. చూడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చూశాను. అరగంట చూశాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది. టైరులో గాలి తక్కువైంది. పైగా చార్జ్ సగానికి పడిపోయాక కూడా వంతెన మీద వేగంగా వెళ్తున్నావు. అది అరుస్తోంది నీ మంచికే. తప్పు నీది."

"నాదా?"

"నీదే."

ఆవిడ పెదవి కొరుక్కుంది. "ఈత మాస్టారు అడిగారు" అంది. "పెళ్లి చేసుకుందామా అని."

చేతిలో ఉన్న పంపు కింద పెట్టాను. ఎక్కడ పెట్టానో చూసుకోలేదు, అది దొర్లుకుంటూ పోయింది.

"ఏమన్నావు?"

"వద్దన్నాను. మంచి మనిషి. ఆయన పక్కనుంటే హాయిగా ఉంటుంది."

"హాయిగా ఉంటుందా?"

"చూశావా, మళ్లీ మొదలైంది." ఆవిడ నవ్వాపుకుంది. "హాయిగా ఉంటుంది, అంతే. ఆయన ఊరెళ్లినా తెలీదు. నీమీద అయితే కోపం. పొద్దున లేవగానే కోపం, ఈ రోడ్డు మీద వచ్చినప్పుడల్లా కోపం. తల తిప్పకుండా వెళ్లడానికి ఎంత కష్టపడ్డానో తెలుసా? ఇంకెవరి మీదా నాకు అంత కోపం రాలేదు."

నేను మాట్లాడబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"లెక్కల మాస్టారు చెప్పారు, నువ్వెళ్లావని. ఆ రోజు నా దగ్గరికొచ్చి మొత్తం చెప్పావు. అసూయ చెప్పావు, అబద్ధం చెప్పావు, వోల్టులు కూడా చెప్పావు. ఒక్కటి మాత్రం చెప్పలేదు."

ఏది చెప్పలేదో నాకు తెలుసు.

"నువ్వంటే ఇష్టం" అన్నాను. "మోకాలి నూనె తుడిచిన రోజునుంచి."

"అది చెప్పడానికి ఇంత కాలమా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈసారి నిజంగానే తుడుచుకుంది. "నాకూ అసూయ ఉంది. ఆ కెమెరా అమ్మాయి స్టూలు మీద కూర్చుంటే నాకు అరికాళ్లు మండేవి. కానీ వెళ్లి ఆవిడ బ్యాటరీలు పాడుచెయ్యలేదు కదా. నీకు అసూయ వస్తే నాతో చెప్పు. బ్యాటరీ మీద నెట్టకు."

"రోజుకి ఎన్నిసార్లు చెప్పచ్చు?"

"వచ్చినన్నిసార్లు. ఆదివారం మా ఇంటికి రా. అమ్మతో మాట్లాడాలి."

ఆదివారం వెళ్లాను. వాళ్లమ్మగారు కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నారు. నేనెవరో, ఏం చేస్తానో, మా అక్క సంగతేమిటో అన్నీ అడిగారు. బీపీ మిషను బాగా పనిచేస్తోందని కూడా అన్నారు. తర్వాత కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"ఒక్క మాట అడుగుతా బాబూ. ఇది ఆ ఒంటిచక్రం మీద తిరుగుతోంది. ప్రమాదం లేదంటుంది. నిజమేనా?"

తల్లి వెనక నిలబడి ఆవిడ నాకు కళ్లతో సైగ చేస్తోంది. లేదని చెప్పు, లేదని చెప్పు.

వాళ్లమ్మగారి ముఖం చూశాను. ఆవిడ ముఖం చూశాను.

"ఉందండీ" అన్నాను. "ఒకటే చక్రం, ఆగితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. హెల్మెట్టు, గార్డులు పెట్టుకుంటే, వేగం తగ్గిస్తే, తడి రోడ్డు మీదకు వెళ్లకపోతే చాలావరకు తగ్గుతుంది. కానీ అసలు లేదంటే అబద్ధం. బాగా నడుపుతుంది, అది కూడా నిజం."

తల్లి వెనక ఆవిడ నుదురు కొట్టుకుంది. నా పని అయిపోయిందనుకున్నాను.

వాళ్లమ్మగారు మిషను మీదున్న బట్ట పక్కకు జరిపారు. తర్వాత కూతురి వైపు తిరిగారు.

"ఆ బండి కొన్నప్పటినుంచి నువ్వు ఇల్లు చేరేదాకా నేను ఈ కిటికీ దగ్గరే కూర్చుంటున్నా. ఏం కాదమ్మా, ఏం కాదమ్మా అంటావు. ఒక్కసారీ నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడు ఇతను ఉందన్నాడు, నాకు భయం తగ్గింది." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "వాళ్లక్కగార్ని ఎప్పుడు పిలుద్దాం?"

ఆవిడ నా పక్కకొచ్చి కూర్చుని, వాళ్లమ్మగారు దారం ఎక్కించుకుంటుండగా నా చెవిలో అంది. "తడి రోడ్డు సంగతి చెప్పకపోతే ఏం పోయింది నీకు? ఇప్పుడు వాన పడితే నన్ను గుమ్మం దాటనివ్వదు."

"వాన పడిన రోజు నేనొచ్చి బస్సులో తీసుకెళ్తా."

"ఆరు ఇళ్లకీనా?"

"ఆరు ఇళ్లకీ."

"లెక్కల మాస్టారింటికి నువ్వు పైకి రాకు" అంది, నా చెయ్యి పట్టుకుంటూ. "మళ్లీ మొదటినుంచి చెప్పిస్తారు."